మానసిక దివ్యాంగుల ఆటలకు ప్రభుత్వ నిధులు: గోదావరి డెల్టాలో ఎవరిని, ఎప్పుడు, ఏం అడగాలి

అమలాపురం కానివ్వండి, భీమవరం కానివ్వండి, కలెక్టరేట్‌కు వెళ్లి "మానసిక దివ్యాంగుల ఆటలకు నిధులు ఎక్కడిస్తారండీ" అని అడిగితే ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్లకు పంపుతారు. (మానసిక దివ్యాంగులంటే ఇక్కడ మేధోవైకల్యం, అంటే బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్లు.) పంపేవాళ్లను తిట్టుకుని లాభం లేదు. బంతుల డబ్బు ఒక శాఖలో ఉంటుంది, మైదానం డబ్బు మరో శాఖలో, పోటీల రోజు భోజనాల డబ్బు ఇంకో శాఖలో. "మా కార్యక్రమానికి మూడు లక్షలు ఇప్పించండి" అని రాసిన అర్జీ ఎవరి పద్దులోనూ ఇమడదు కాబట్టి ఎవరూ సంతకం పెట్టరు. ఖర్చును ముక్కలు చేసి, ఏ ముక్కను ఏ శాఖ నిబంధనల ప్రకారం భరించగలదో ఆ శాఖను ఆ ముక్క మాత్రమే అడగాలి. కింద చెప్పేదంతా ఆ ముక్కల లెక్కే.

1. ముందు ఆటగాళ్ల జాబితా

అర్జీ రాయడానికి ముందు జాబితా తయారవ్వాలి. ఒక్కొక్కరికీ పేరు, పుట్టిన తేదీ, ఆధార్, సదరం సర్టిఫికెట్ (రాష్ట్రం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) లేదా యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) నంబరు, వైకల్య రకం, శాతం, ఊరు, మండలం, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ నంబరు రాయండి. మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం ప్రపంచమంతటా ఆటలు నడిపే స్పెషల్ ఒలింపిక్స్ పద్ధతిలో పోటీలకు కనీస వయసు 8 ఏళ్లు, పైన పరిమితి లేదు. అందుకని బడి పిల్లలతో ఆపేయకండి. పాతికేళ్లు, ముప్పై ఏళ్లు వచ్చి ఇంట్లోనే ఉండిపోయిన వాళ్లే ఊళ్లో ఎక్కువ కనిపిస్తారు.

సర్టిఫికెట్‌లో రెండు చోట్ల చూసుకోవాలి. ఒకటి, వైకల్య రకం. మేధోవైకల్యం గడిలో ఉండాల్సిన మనిషి మానసిక రుగ్మత గడిలో నమోదై ఉంటే పింఛనుకు ఇబ్బంది రాకపోవచ్చు గానీ ఆటల నమోదు దగ్గర తిరగ్గొడతారు. ముందే సరిచేయించుకోండి. రెండు, జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత సర్టిఫికెట్ మీద తూర్పు గోదావరి అని ఉండి మనిషి ఉన్నది కోనసీమలో అయితే, జాబితాలో ఇప్పటి జిల్లా, మండలం కోసం వేరే గడి పెట్టండి. లేకపోతే "ఈ పేర్లు మా జిల్లావి కావు" అన్న ఒక్క మాటతో ఫైలు వెనక్కి వస్తుంది.

శాతం చూసి జట్లు కట్టకండి. స్వల్ప మేధోవైకల్యానికి 50, మధ్యస్థానికి 75, తీవ్రానికి 90 శాతం వేస్తారు. అది మానసిక ఎదుగుదల లెక్క, కాళ్ల వేగం కాదు. 75 శాతం ఉన్న కుర్రాడు 50 శాతం ఉన్నవాడి కంటే ముందు పరిగెత్తడం మామూలే.

వైద్య పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఏరియా ఆసుపత్రిలోనో ఉచితంగా చేయించవచ్చు, దానికి బడ్జెట్‌లో గడి అక్కర్లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల మెడ తప్పకుండా చూపించాలి. మెడలో పైన ఉండే రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటే, తలతో బంతి కొట్టడం, ఈతలో డైవ్ చేయడం, హైజంప్ లాంటివి వెన్నుపాముకే ప్రమాదం. మూర్ఛ ఉన్నవాళ్ల మాత్రల వేళ, మోతాదు జాబితాలోనే రాసుకోండి.

నిరామయ బీమా ఇప్పుడే చేయించండి. నేషనల్ ట్రస్ట్ నడిపే ఈ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది. మేధోవైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లు అర్హులు. ఇదుంటే ఆటల బడ్జెట్‌లో విడిగా బీమా అడగక్కర్లేదు. అడిగినా కొట్టేస్తారు.

2. ఎవరి పేరు మీద అడగాలి

తల్లిదండ్రుల బృందం అంటే ప్రభుత్వానికి ఎవరూ కాదు. మీ ముందు రెండు దారులున్నాయి.

తేలికైనది బడి దారి. మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం), లేదా ప్రధానోపాధ్యాయుడు ఒప్పుకున్న జిల్లా పరిషత్ హైస్కూలు పేరు మీద నడపడం. ఖాతా వాళ్లది, యూసీ (డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ పత్రం) వాళ్లది. మీరు మనుషుల్నీ శ్రమనూ ఇస్తారు. మొదటి ఏడాది ఇదే మంచిది.

రెండోది సొసైటీ. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్, పాన్, సంస్థ పేరు మీద బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల నమోదు పోర్టల్) నంబరు కావాలి. చాలామంది ఇక్కడికి వచ్చి ఆగిపోతారు. వికలాంగుల సంస్థ నడపాలంటే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 50 ప్రకారం విడిగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. సొసైటీ సర్టిఫికెట్ దానికి బదులు కాదు. అది లేని సంస్థకు గ్రాంటు ఇవ్వాలని అధికారి మనసులో ఉన్నా చేతులు కట్టేసి ఉంటాయి. ఇంకో సంగతి: కేంద్రం ఇచ్చే దీనదయాళ్ పునరావాస పథకం గ్రాంటుకు సంస్థ రిజిస్టరై కనీసం రెండేళ్లు నిండాలి. కాబట్టి ఈ ఏడాది అవసరం లేకపోయినా రిజిస్ట్రేషన్ మొదలుపెట్టి ఉంచడం తెలివైన పని.

3. ఖర్చును ముక్కలు చేయడం

ఒక కాగితం మీద గీతలు గీసి ఎడమవైపు ఖర్చు, కుడివైపు శాఖ రాయండి. అసలు పని ఇక్కడుంది, తొందరపడొద్దు.

బడి ఈడు పిల్లల శిక్షణ, సామాను బడి చదువులకు కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకానికి వెళ్తాయి. దాని సహిత విద్య విభాగంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక్కొక్కరికీ ఏడాదికి 3,500 రూపాయల చొప్పున ప్రణాళిక వేస్తారు. అది చేతికిచ్చే డబ్బు కాదు. ఉపకరణాలు, థెరపీ, శిబిరాలు అన్నీ అందులోంచే. ఆటల పోటీలు, సందర్శన యాత్రలు కూడా ఆ ప్రణాళికలో పెట్టుకోదగినవే, జిల్లా నుంచి ప్రతిపాదన వెళ్తేనే. ఇది కాక ప్రతి ప్రభుత్వ బడికీ క్రీడా సామానుకు ఏటా గ్రాంటు ఉంది: ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 వరకు. ఆ సొమ్ముతో కొనే సామాను జాబితాలో బోచీ (చిన్న గురి బంతికి దగ్గరగా బంతులు దొర్లించే ఆట) సెట్టు, మెత్తటి బంతులు చేర్చమని ప్రధానోపాధ్యాయుడిని అడగండి. మామూలు పిల్లలూ మన పిల్లలూ కలిసి ఒకే జట్టుగా ఆడే యూనిఫైడ్ పద్ధతిలో అయితే ఆయనకు అభ్యంతరం చెప్పే కారణమే ఉండదు.

జిల్లా స్థాయి పోటీలు, బహుమతులు, ఆ రోజు భోజనం విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల పరిధి. డిసెంబరు 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవానికి ముందు నవంబరులో ఆటల పోటీలు పెట్టే ఆనవాయితీ ఉంది. ఇక్కడ మనవాళ్లకు జరిగే అన్యాయం ఏమిటంటే, చూపు లేనివాళ్లకు, వినికిడి లేనివాళ్లకు, చక్రాల కుర్చీ వాళ్లకు విడిగా పోటీలు పెట్టి, మానసిక దివ్యాంగులందరికీ కలిపి ఒక్క పరుగు పందెం పెట్టి ముగించేస్తారు. కొత్తగా డబ్బు అడగక్కర్లేదు. అదే డబ్బుతో స్థాయిల వారీగా పోటీలు పెట్టమని, ఆ జాబితా మేమే తయారు చేసి ఇస్తామని రాసివ్వండి. పని తగ్గించే అర్జీని ఎవరూ తోసేయరు.

మైదానం, కోచ్ సమయం జిల్లా క్రీడాధికార సంస్థకు సంబంధించినవి. డబ్బు అడిగితే లేదంటారు. వారానికి రెండు పూటలు స్టేడియం రుసుము లేకుండా ఇవ్వమని, ఒక కోచ్‌ను కేటాయించమని అడిగితే ఇవ్వగలుగుతారు. బడ్జెట్‌లో అది నగదుతో సమానమే.

నేల చదును, ర్యాంపు, మరుగుదొడ్డి, నీళ్లు పంచాయతీవి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో వికలాంగుల సంక్షేమం పంచాయతీల జాబితాలోనే ఉంది, 26వ అంశం. సర్పంచ్‌కు ఈ నంబరు చెబితే కార్యదర్శి తీర్మానం రాయడానికి ఆధారం దొరుకుతుంది.

శాశ్వతమైన ఆస్తి, అంటే షెడ్డు, కోర్టు లాంటివి పార్లమెంటు సభ్యుడి నిధులకు వెళ్తాయి. ఏడాదికి ఆయనకు 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. జీతాలకు, పోటీలకు, బట్టలకు ఆ నిధులు రావు. ఎంపీగారి ఇంటి ముందు టీషర్టుల కోసం నిలబడిన ప్రతి పూటా దండగే.

జాతీయ శిబిరాలు, విదేశీ పోటీల సంగతి వేరు. కేంద్ర క్రీడా శాఖ డబ్బు గుర్తింపు పొందిన జాతీయ సమాఖ్య అయిన స్పెషల్ ఒలింపిక్స్ భారత్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి ఎంపికైన ఆటగాడికి అందుతుంది. మీరు ఢిల్లీకి ఉత్తరం రాయడం వృథా. స్పెషల్ ఒలింపిక్స్ భారత్ రాష్ట్ర విభాగంలో ఆటగాళ్లను నమోదు చేయించండి. ఆటగాళ్ల దగ్గర రుసుము వసూలు చేయకూడదన్నది ఆ సంస్థ నియమం. ఎవరైనా అడిగితే రసీదు అడగండి.

మీ జాబితాలో నిజంగా వేగమున్న అమ్మాయో అబ్బాయో ఉంటే వాళ్ల దారి వేరే. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచింది. ఆ విభాగం మేధోవైకల్యం ఉన్నవాళ్లదే. అయితే అది పారాలింపిక్ కమిటీ దారి, అర్హత పరీక్షలు, నిధులు కూడా వేరు. రెండింటినీ ఒకే అర్జీలో కలపకండి. దీప్తి పేరు రాస్తే అధికారి ముఖం వెలుగుతుంది, నిజమే. కానీ పతకాల ఆశ చూపించి తెచ్చిన డబ్బుకు మరుసటేడు పతకాలే లెక్క అడుగుతారు.

కేజీ (కృష్ణా–గోదావరి) బేసిన్‌లో చమురు, గ్యాస్ తీసే కంపెనీల సీఎస్ఆర్ (లాభాల్లోంచి సమాజానికి పెట్టే డబ్బు) కూడా గుర్తుంచుకోండి. రాజమహేంద్రవరంలో ఓఎన్జీసీ అసెట్ ఉంది. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో గ్రామీణ క్రీడల, పారాలింపిక్ క్రీడల శిక్షణ ఉంది. ఆ డబ్బు తీసుకోవాలంటే సొసైటీకి సీఎస్ఆర్-1 ఫారం ద్వారా నమోదు ఉండాలి. ప్రభుత్వ శాఖలేవీ ఇవ్వలేని ముక్కలకు, ముఖ్యంగా సహాయకుల గౌరవ వేతనానికి, ఇది ఆఖరి దారి.

4. ఎంత అడగాలి

24 మంది ఆటగాళ్ల కేంద్రాన్ని నమూనాగా తీసుకోండి. నలుగురికి ఒక శిక్షకుడో సహాయకుడో ఉండాలి, అంటే ఆరుగురు. ఇది ఆరుకు ఒకరు, ఎనిమిదికి ఒకరు అని తగ్గించి రాస్తే బడ్జెట్ ముచ్చటగా కనిపిస్తుంది గానీ, ఒకరు మరుగుదొడ్డికి, ఒకరు గేటు వైపు పరుగెత్తిన క్షణంలో ఆట ఆగిపోతుంది. వారానికి రెండు పూటలు, నెలకు 8, ఎనిమిది నెలలకు 64 పూటలు. ఆటగాడికి పూటకొక గుడ్డు అంటే 1,536 గుడ్లు. "పౌష్టికాహారం, సుమారు" అని రాయకుండా ఇలా లెక్క కట్టి రాయండి.

సామాను: బోచీ సెట్టు ఒకటి (8 బంతులు, ఒక చిన్న గురి బంతి), 30 మీటర్ల టేపు, స్టాప్‌వాచీలు 3, రంగు కోన్లు 24, మెత్తటి విసురు బంతులు 12, ఫుట్‌బాళ్లు 4, సున్నం, ఈలలు, ప్రథమ చికిత్స పెట్టె. బోచీ కోర్టు 60 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. డెల్టా నల్లమట్టి ఎండితే బీటలు తీస్తుంది, తడిస్తే జిగురవుతుంది, బంతి దొర్లదు. కోర్టు వరకైనా ఇసుక కలిపిన గ్రావెల్ పోసి రోలరుతో అణచాలి. ఆ పని పంచాయతీ ముక్కలోకి వెళ్తుంది, సామాను ముక్కలోకి కాదు.

పోటీ రోజు బడ్జెట్‌లో అధికారులూ నిర్వాహకులూ కలిసి తప్పు చేసేది పతకాల దగ్గర. స్పెషల్ ఒలింపిక్స్‌లో ముందు ఒక రౌండు పెట్టి, వయసు, లింగం, సామర్థ్యం చూసి దగ్గరి వాళ్లను ఒక డివిజన్‌లో వేస్తారు. ఒక డివిజన్‌లో మొదటివాడికీ చివరివాడికీ తేడా 15 శాతం మించకుండా చూస్తారు. వంద మీటర్లు 20 సెకన్లలో పరిగెత్తేవాడి పక్కన 23 సెకన్ల వాడి దాకా నిలబడొచ్చు, 30 సెకన్ల వాడు నిలబడకూడదు. డివిజన్‌కు 3 నుంచి 8 మంది. 24 మంది తలా రెండు అంశాల్లో దిగితే 48 ప్రవేశాలు. పది పన్నెండు డివిజన్లు అవుతాయి. డివిజన్‌కు మూడు చొప్పున 30 నుంచి 36 పతకాలు, మిగిలినవాళ్లకు రిబ్బన్లు. రెండు పందేలకు ఆరు పతకాలు చాలనుకుని కొంటే, సాయంత్రం పతకం రాని పిల్లల్ని సముదాయించడానికి మైకు చాలదు. రెండు రౌండ్లంటే రోజంతా పడుతుంది కాబట్టి ఉదయం అల్పాహారం, మధ్యాహ్న భోజనం రెండూ రాయండి.

ప్రయాణం లెక్క జాగ్రత్తగా వేయండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. కాబట్టి తల్లులకు, ఆడపిల్లలకు బస్సు చార్జీ రాస్తే ఆడిట్‌లో దొరికిపోతారు. రైల్లో మానసిక దివ్యాంగుడికి, తోడు వెళ్లే మనిషికి కూడా స్లీపరు, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది. లంక ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు పడవ చార్జీ, నరసాపురం–సఖినేటిపల్లి మధ్య పంటు (మనుషుల్నీ బండ్లనూ గోదావరి దాటించే బల్లకట్టు) చార్జీ విడిగా రాయండి. పడవవాడు బిల్లు ఇవ్వడు. తేదీ, పేర్లు, మొత్తం రాసి, పడవవాడి సంతకమో వేలిముద్రో వేయించిన వోచరు సరిపోతుందని మంజూరు ఉత్తర్వులోనే రాయించుకోండి.

5. ఏ నెలలో ఏం చేయాలి

జూన్‌లో బడులు తెరవగానే జాబితా, వైద్య పరీక్షలు. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంకల వాళ్లు రాలేరు. ఆ రెండు నెలలకు పెద్ద హాజరు చూపిస్తామని ఎక్కడా రాసివ్వకండి. సెప్టెంబరులో సంక్షేమ శాఖకు నవంబరు పోటీల ప్రతిపాదన ఇవ్వండి. అక్టోబరు 2 గ్రామసభలో మైదానం పని పంచాయతీ ప్రణాళికలో ఎక్కించండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, ఆపై సార్వా (ఖరీఫ్ వరి) కోతలు. హైస్కూలు మైదానం నిండా ధాన్యం రాశులే ఉంటాయి. రైతుతో గొడవ పెట్టుకోకుండా ఆ రోజుల్లో కమ్యూనిటీ హాల్లో బ్యాలెన్స్, బలం పెంచే కసరత్తులు, టేబుల్ టెన్నిస్ పెట్టుకోండి.

డిసెంబరు, జనవరి నెలలు కీలకం. వచ్చే ఏడాది సమగ్ర శిక్ష జిల్లా ప్రణాళిక ఆ రోజుల్లో తయారవుతుంది. మార్చిలో వెళ్లి అడిగితే ఈ ఏడాదికి ఆలస్యం, వచ్చే ఏడాదికీ ఆలస్యమే. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి నెలాఖరు దాకా నేల, ఎండ రెండూ అనుకూలం. పెద్ద పోటీలు అప్పుడే పెట్టండి. బిల్లులు ఫిబ్రవరిలోపు ఇచ్చేయాలి. రాష్ట్ర ప్రభుత్వ బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో మార్చి 31 దాటిన బిల్లు మురిగిపోతుంది. మంజూరు కాగితం చేతిలో ఉన్నా డబ్బు ఖాతాలో పడలేదంటే అప్పు చేసి పోటీలు పెట్టకండి. షాపువాడికి, వంటవాళ్లకు ఆలస్యం ముందే చెప్పి ఒప్పించండి.

6. అర్జీ

రెండు పేజీలు దాటకూడదు. విషయం ఒక వాక్యంలో. తర్వాత చట్టం: 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 30. ప్రభుత్వం, క్రీడాధికార సంస్థలు తమ పథకాల్లో వికలాంగులను చేర్చాలని, శిక్షణ సౌకర్యాలకు నిధులు కేటాయించాలని, ప్రత్యేక పోటీలు పెట్టాలని అందులో ఉంది. తర్వాత అడిగే ముక్క, దాని లెక్క. ఆఖర్న మిగతా ముక్కలు ఎవరు భరిస్తున్నారో చిన్న పట్టిక. ఈ పట్టిక లేని అర్జీని చూస్తే అధికారికి మొదట వచ్చే అనుమానం, ఇదే ఖర్చు ఇంకో చోట కూడా అడిగారేమో అని. జతచేయాల్సినవి: ఆటగాళ్ల జాబితా, రిజిస్ట్రేషన్లు, తీర్మానం, మూడు కొటేషన్లు, పాస్‌బుక్ మొదటి పేజీ.

ఇన్‌వార్డులో (కార్యాలయంలో కాగితాలు తీసుకునే బల్ల దగ్గర) ఇచ్చి, నకలు మీద ముద్ర, నంబరు వేయించుకోండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వడం చాలామందికి అలవాటు. అది ఫిర్యాదులకు పనికొస్తుంది, నిధులకు కాదు. "సంబంధిత శాఖకు పంపడమైనది" అని రాసి మూసేస్తారు.

7. లెక్క

నిధి వచ్చిన రోజు నుంచే నాలుగు పుస్తకాలు నడపండి: నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, హాజరు మస్టరు, వోచర్ల ఫైలు. హాజరు మస్టరులో సంతకం రాని ఆటగాడి బదులు శిక్షకుడు టిక్కు పెడితే ఒప్పుకోరు. వేలిముద్ర వేయించి పక్కన తోడు వచ్చినవాళ్ల సంతకం పెట్టించండి. బిల్లు సంస్థ పేరు మీదే ఉండాలి, కార్యదర్శి పేరు మీద కాదు. ఒక బిల్లు నకలు రెండు శాఖల ఫైళ్లలో కనిపిస్తే, కావాలని చేయకపోయినా, సంస్థ పేరు నల్లజాబితాలోకి పోవచ్చు. అందుకే ప్రతి బిల్లు మీద ఏ నిధి నుంచి చెల్లించారో ఎర్ర సిరాతో రాసేయండి.

కేంద్ర గ్రాంటు అయితే వినియోగ పత్రం జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నిబంధనలు) 12-ఎ నమూనాలో ఇవ్వాలి. గ్రాంటు డబ్బు మీద బ్యాంకులో పడ్డ వడ్డీ మీది కాదు. దాన్ని చూపించి తిరిగి కట్టాలి. మిగిలిన డబ్బును "వచ్చే ఏడాదికి ఉంచాం" అని మీకు మీరే నిర్ణయించుకోకండి. అనుమతి అడగండి, లేదా వెనక్కి కట్టండి. వినియోగ పత్రం పెండింగులో ఉన్న సంస్థకు తర్వాతి విడత రాదు.

కాదంటే

కారణం కాగితం మీద అడగండి. నోటిమాటతోనే కాదనేస్తే సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు వేయండి: గత రెండేళ్లలో ఈ పద్దుకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, అందులో మానసిక దివ్యాంగులకు ఎంత. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, జిల్లాకు 10. జవాబుకు 30 రోజులు. ఖర్చు కాకుండా మిగిలిందని ఆ జవాబులో కనిపిస్తే, దాన్ని జతచేసి మళ్లీ అర్జీ పెట్టండి. ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి.

అప్పటికీ కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయండి. కమిషనర్ సిఫారసు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లోపు ఏం చర్య తీసుకుందో, ఒప్పుకోకపోతే కారణమేమిటో తెలియజేయాలని సెక్షన్ 81 చెబుతోంది. ఆ ఉత్తరంలో మీ ఇన్‌వార్డు నంబర్లు, తేదీలు వరసగా ఉండాలి. ముద్ర వేయించుకోని అర్జీని ఇచ్చినట్టు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.